బండకొట్టాలలో బోర్లెందుకు ఆగాయి

ఎందుకు అని అడగడమే ఆ ఎండాకాలం నా ఉద్యోగం. జీతమిచ్చి మరీ ఆ మాట నాతో అడిగించారు. అంతకుముందు ఇంట్లో అదే మాట అడిగితే అమ్మ గరిటె ఎత్తేది.

రెండువేల మూడో సంవత్సరం. వానలు మొహం చాటేసి అప్పటికే చాలా కాలమైంది. మైదుకూరు దాపున మా ఊళ్లో మాకు చీనీతోట, అంటే బత్తాయి తోట, ఉండేది. మా నాయన మీరా హుస్సేన్‌కు ఆ తోటే లోకం. పండగనాడు కూడా నమాజు కాగానే కొత్త బట్టలతో నేరుగా తోటకే పోయేవాడు. ఆ ఎండాకాలం చెట్ల ఆకులు దోనెల్లా ముడుచుకున్నాయి, చిటారుకొమ్మలు ఎండిపోతున్నాయి. తోటలో వేసిన బోర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి దుమ్ము కక్కి ఊరుకున్నాయి. ఇంకొకటి వేయాలని నాయన. వేయాలంటే రోడ్డు పక్క మడి అమ్మాలి. మేం తినే గింజలన్నీ ఆ మడివే.

"ఇంగ ఒగటే ఒగటి, జులేఖా. ఈసారి తప్పదు" అనేవాడు నాయన.

"పోయినసారీ అదే అన్యావు. ఆ మడి జోలికి పోయినావంటే నేను మా పుట్టింటికి పోతా. ఆడ చెట్లకు గాకపోయినా నాకు ఇన్ని నీళ్లు పోస్తారు" అనేది అమ్మ.

నాయన నవ్వి ఊరుకునేవాడు. అమ్మ నవ్వేది కాదు. మడి పోతే మా బతుకు ఏమవుతుందో అమ్మకు తెలుసు, నాకు తెలుసు, నాయనకు కూడా తెలుసు.

నా పని సంగతి చెబుతాను. ఒక స్వచ్ఛంద సంస్థ అంతకు రెండు మూడేళ్ల ముందు మా కడప, కర్నూలు జిల్లాల్లో నీళ్ల పొదుపు పథకం నడిపింది. ప్రతి ఊళ్లో బడి గోడ మీద నీటిమట్టం గీతలు గీయించి, మీటింగులు పెట్టి, కొత్త బోర్లు వేయొద్దు, ఉన్న నీళ్లు పంచుకోండి అని చెప్పింది. మా ఊళ్లోనూ చెప్పింది. మా నాయన కమిటీ మెంబరు కూడా. మీటింగుకు పోయి, బుద్ధిగా తల ఊపి, వాళ్లిచ్చిన బిస్కెట్లు నాకు తెచ్చిపెట్టి, ఆ వెంటనే బోరు వేశాడు. దాదాపు అన్ని ఊళ్లలోనూ అదే కథ. చాగలమర్రి దాటాక లోపలికి పోతే బండకొట్టాల అని ఒక ఊరుంది. ఆ ఒక్క ఊళ్లో మాత్రం కొత్త బోర్లు నిజంగానే ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో కనుక్కోవడానికి కర్నూలు నుంచి రాఘవేంద్రప్రసాద్ సారును పంపారు. ఆయనకు సాయంగా ఊళ్లు తెలిసిన మనిషి కావాలంటే నేను చేరాను.

సారు పద్ధతి వేరు. దానికాయన ఇంగ్లీషులో రియలిస్ట్ ఎవాల్యుయేషన్ అని పేరు చెప్పేవారు.

"పథకం మంచిదా చెడ్డదా అని అడిగితే ఏమీ తేలదు, మెహనాజ్. ఎవరికి పనిచేసింది? ఎలాంటి చోట? అక్కడ వాళ్ల మనసులో ఏం కదిలితే పనిచేసింది? ఆ కదిలినదాన్ని పట్టుకోవాలి. మనుషులు మారేది మీటింగుతో కాదు, దానితో."

నాకు ఆ మాట నచ్చింది. ఆ కదిలేదేదో దొరికితే ఇంటికి పట్టుకుపోయి మా నాయన మీద వాడదామని నా ఆశ. ఉద్యోగంలో చేరింది సగం అందుకే.

బండకొట్టాలకు మేం మొదటిసారి పోయిన రోజు ఎండ చెప్పనలవి కాదు. బడి పంచన జనం కూర్చున్నారు. ఊరికి పెద్దతల కేశవయ్య మాకు కుర్చీలు వేయించాడు. సారు పద్ధతిలో ఇంకొక తిరకాసుంది. ఊరికే ప్రశ్నలడగరు. మేమనుకున్న కారణాన్ని ముందు మేమే చెప్పి, తప్పైతే దిద్దండి అంటాం. చదువుకున్నవాళ్ల సభలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుందేమో. మా వైపు ఇంటికొచ్చిన మనిషిని మొహం మీద కాదనడం మర్యాద కాదు.

"గోడ మీద గీతలు చూసి, నీళ్లు కిందికి పోతున్నాయని అర్థమై మానుకున్నారని మేం అనుకుంటున్నాం" అన్నారు సారు.

"మీరు చెప్పింది కరెక్టు సార్" అన్నాడు కేశవయ్య.

"లేక, ఒకరినొకరు చూసి సిగ్గుపడి మానుకున్నారేమో."

"అది గూడా కరెక్టే సార్."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "లేకపోతే మా సారు గొడుగు చూసి మానుకున్నారేమో" అన్నాను.

"అది గూడా ఒగ కారణమే మేడం" అన్నాడు కేశవయ్య ఎంతో మర్యాదగా. ఎవ్వరూ నవ్వలేదు.

పొద్దు నడినెత్తి నుంచి పక్కకు వాలింది. అంతవరకు కదలకుండా కూర్చున్న జనం ఉన్నట్టుండి లేచారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఆడవాళ్లు పోయి పడమటి వైపు కిటికీలు మూశారు. మగవాళ్లు తుండుగుడ్డలు దులుపుకొని, ఆ వైపు చూడకుండా ఇళ్లలోకి పోయారు. కేశవయ్య కూడా దండం పెట్టి జారుకున్నాడు. చూస్తుండగానే వీధి మొత్తం ఖాళీ అయిపోయింది. పంచ చివర చింతపండు ఒలుచుకుంటున్న గిడ్డమ్మ అనే ముసలామె ఒక్కతే మిగిలింది.

"ఏమైందవ్వా? అందరూ ఎందుకు పోయారు?" అన్నాను.

"శేషన్న ఊపిరి ఇడిసే యేళయింది గదమ్మా" అంది గిడ్డమ్మ, బస్సు వచ్చే వేళయింది అన్నంత మామూలుగా. "పడమటి చేన్లోకి పోండి. ఆడ సోమక్క ఉంటాది. నేను రాను."

సారూ నేనూ పోయాం. దారి పొడుగునా చేన్లలో పాత బోర్ల మీద నాపబండలు కప్పి, వాటి మీద రాళ్లు పేర్చి ఉన్నాయి. చివర ఒక్క బోరు మీద మాత్రం ఏమీ కప్పలేదు. దాని పక్కన నేల మీద ఒకామె కూర్చుని, ఆ పైపుతో మాట్లాడుతోంది.

"ఎనుము పాలు తగ్గించింది. మేత యాడుండాది చెప్పు? మీ చెల్లెలు వస్తాననింది, రాలేదు. పోనీలే."

గాలి లేదు. చేనులో ఎండిన సెనగ మొదుళ్లు కదలడం లేదు. కానీ ఆమె కొంగు చివర పైపు అంచు మీద పైకి లేచి అల్లాడుతోంది. దగ్గరికి పోయి చెయ్యి పెట్టాను. లోపలి నుంచి చల్లగా, తడి రాతి వాసనతో, ఒక్క తీరుగా, ఆగకుండా గాలి వస్తోంది. చిన్న చప్పుడు కూడా ఉంది. నిద్రపోతున్న మనిషి పక్కన కూర్చుంటే వినబడే చప్పుడది. నాకు భయమేసింది. పట్టపగలు, పక్కన సారుండగా, ఒళ్లంతా భయమేసింది. చెయ్యి వెనక్కి తీసుకుని చున్నీకి తుడుచుకున్నాను.

"పొద్దు వాలినాక ఇడుస్తాడు. పొద్దు గూకినాక మల్లా లోపలికి తీసుకుంటాడు. దినామూ అంతే" అంది సోమక్క.

"ఎవరమ్మా?"

"మా ఆయప్ప."

అయ్యో అనిపించింది. "ఎప్పుడు పోయారమ్మా?" అన్నాను మెల్లగా.

సోమక్క నన్ను వింతగా చూసింది. "యాడికి పోతాడు? ఇంట్లోనే ఉండాడు. రాండి, చూద్దురు."

శేషన్న నిజంగానే ఇంట్లో ఉన్నాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల, మంచం మీద కూర్చుని ఉన్నాడు. రోగిష్టి మనిషి కాదు. అన్నం పెడితే తింటాడట, నీళ్లు తోడితే పోసుకుంటాడట, గొడ్లను కట్టేస్తాడట. కళ్లు మా వైపే ఉన్నాయి. కానీ మేం వచ్చినట్టు ఆ కళ్లకు తెలియలేదు.

"పలకరించు మ్మే" అంది సోమక్క.

"పెద్దాయనా, బాగున్నారా?" అన్నాను. నా మాట నాకే గట్టిగా వినబడింది. శేషన్న రెప్ప వేశాడు. అంతే.

"బోరు బండి పోయిన పొద్దు, ఆ పైపు మీద మొగం పెట్టి శానాసేపు లోపలికి చూసినాడు. నేను ఈపు మీద చెయ్యేసి పిలిస్తే లేసినాడు. 'పోదాం పా' అన్యాడు. అంతే. ఇంగ మాట లేదు. ఆ మర్నాటి నుంచే బోరు ఊపిరి తీస్తాండాది." సోమక్క మొగుడి చొక్కా గుండీ సరిచేసింది. "మనిషి ఈడ ఉండాడు. ఊపిరి ఆడ ఉండాది. ఈయప్పతో చెప్తే పలకడు. ఆడ చెప్తే ఇన్నట్టుంటాది. అందుకే ఆడికి పోతా."

తిరిగొచ్చేటప్పుడు గిడ్డమ్మ ఇంకా చింతపండు దగ్గరే ఉంది. సారు ఈసారి తన ఊహ చెప్పలేదు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని ఊరుకున్నారు. ముసలామె తనకు తానే చెప్పింది.

"మొగోళ్లకు బయం లేదప్పా. వాళ్లకు ఇప్పుడు చెప్పినా బోరు ఏస్తామంటారు. బయం ఆడోళ్లకు. ఈ ఊర్లో ప్రతి ఆడమనిషీ రాత్రి మొగుని పక్కన పడుకోని ఊపిరి ఇనుకుంటాది, ఈడనే ఉండాదా, ఆడికి పోయిందా అని. అట్లాంటిది ఎవురైనా బోరు మాట ఎత్తితే ఊరకుంటారా? నీ గోడ గీతలు ఎవురు చూసినారు?"

చాగలమర్రిలో బస్సు కోసం నిలబడినప్పుడు సారు మొహం వెలిగిపోతోంది. "దొరికింది, మెహనాజ్!" అన్నారు. ఆ ఊపిరి ఏమిటో కూడా ఆయనే చెప్పారు. ఆ నేల కింద నాపరాయి. నాపరాయిలో నీళ్లు ఏనాడో తొలిచి వదిలేసిన డొల్లలుంటాయి. బయట గాలి బరువు పగలు తగ్గినప్పుడు లోపలి గాలి బయటికి తోసుకొస్తుంది, మళ్లీ పెరిగినప్పుడు లోపలికి పోతుంది. దేశంలో ఇంకా చాలాచోట్ల ఇలాంటి బోర్లు ఉన్నాయట.

"శేషన్న సంగతి?"

"అది మనసుకు తగిలిన దెబ్బ. వైద్యం చేయించాలి. కానీ చూడు, పథకం ఆ ఊరికి మీటింగులు మాత్రమే ఇచ్చింది. వద్దు అనడానికి ఆడవాళ్లకు మీటింగు ఒక సాకు. అసలు బలం ఆ బోరుది. ఎంత అందంగా అతికిందో!"

"మీకు అంత సంతోషం ఎందుకు సార్?" అన్నాను. నాకు కోపమొచ్చింది. సారు మంచి మనిషి. బస్సు ఎక్కాక మెల్లగా, "తప్పుగా అన్నాను" అన్నారు.

ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. అమ్మ తాళింపు ఆపి మరీ విని, "ఎర్రిముండ, బోరుతో మాట్లాడేదేంది?" అని నవ్వింది. తర్వాత నాయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పోయి, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది. నేను చూశానని తెలిసి, "ఈగ వాలింది" అంది.

ఆ తర్వాత మళ్లీ బండకొట్టాలకు పోవాల్సిన రోజు ఏదో బందు వచ్చి బస్సులు తిరగలేదు. "నేను తోలుకపోతాలే పాపా" అని నాయన తన టీవీఎస్ మోపెడ్ తీశాడు. దారంతా రెండు వైపులా మోడుబారిన తోటలు. ఎవరి తోట ఎప్పుడు ఎండిందో చెప్పుకుంటూ తోలాడు. చావు కబుర్లు చెప్పినట్టుగా చెప్పాడు. నేను సోమక్కతో మాట్లాడే లోపల, చేను చూసొస్తానని పడమటి వైపు పోయాడు. రైతు ఏ ఊరు పోయినా చేను చూడకుండా ఉండలేడు కదా, పోనీ అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ ఊపిరి విని నాలుగు కాలాల పాటు గుర్తుంచుకుంటాడని లోపల సంబరపడ్డాను కూడా.

మేం పోయేసరికి నాయన నేల మీద బోర్లా పడుకుని పైపుకు చెవి ఆనించి ఉన్నాడు. పొద్దు అప్పుడే వాలుతోంది. నాయన గడ్డం వెంట్రుకలు ఆ గాలికి కదులుతున్నాయి.

"నాయనా" అన్నాను.

లేచాడు. గడ్డానికి, బుగ్గకు మట్టి. నవ్వుతున్నాడు. రంజాను తర్వాత ఆ మొహంలో నేను అంత నిండు నవ్వు చూడడం అదే మొదలు.

"ఇన్యావా పాపా? ఎంత గాలి ఉండాదో!"

సోమక్క ఆయనను చాలాసేపు చూసి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ నాయనేనా? బిరీన తోలుకపో మ్మే" అంది.

దారిలో నాయన ఒకటే మాటలు. "ఊపిరి గీపిరి ఏందిమ్మా, సదువుకున్నదానివి నువ్వు గూడా! గాలి తిరగాలంటే లోపల డొల్ల ఉండాల. డొల్ల ఉంటే దాని అడుగున నీళ్లుండాల. మన తోట కిందా ఇదే బండ. ఇన్నాళ్లూ డొల్ల తగలకనే మన బోర్లు పోయినాయి."

"మరి శేషన్న బోరులో నీళ్లెందుకు పడలేదు?"

"పాపం, నడిమధ్యలో నిలిపేసినాడు. ఇంగొంచెం లోతు పోయింటే పడుండు."

ఎవరికి, ఎలాంటి చోట, మనసులో ఏం కదిలి అని సారు చెప్పింది గుర్తొచ్చింది. ఒక ఊరిని ఆపేసిన గాలి మా నాయనను పరుగెత్తిస్తోంది. ఆ ఊళ్లో ఆడవాళ్లు విన్నది మొగుడి ఊపిరిని. మా నాయన విన్నది నీళ్లను.

సారుకు ఫోన్ చేసి చెబితే, శేషన్నను చూపించి ఉంటే బాగుండేది కదా అన్నారు. చూశాడు సార్, తిరిగి వచ్చేటప్పుడు వాకిట్లో చూశాడు, పాపం అని బీడీ కూడా ఇవ్వబోయాడు అని చెప్పాను. సారు మర్నాడే మా ఇంటికి వచ్చారు. మంచం మీద కూర్చుని, గాలి ఉన్నంత మాత్రాన నీళ్లుండవనీ, ఆ డొల్లలు ఎప్పుడో ఖాళీ అయ్యాయనీ, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. నాయన చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు.

"మీరు చెప్పింది కరెక్టు సార్" అన్నాడు.

సారు నా వైపు చూశారు. నేను సారు వైపు చూశాను. ఆ వారంలోనే నాయన మడి అమ్మేశాడు.

అమ్మ పుట్టింటికి పోలేదు. ఆ రోజు అమ్మ అరుస్తుందని, ఏడుస్తుందని, కనీసం గిన్నెలు విసిరేస్తుందని చూశాను. బోరు బండి వాళ్లకు అన్నం వండాలి కదా అని బియ్యం చెరుగుతూ కూర్చుంది.

"నువ్వేం అనవా అమ్మా?"

"ఏమనాల మ్మే? ఎన్నిసార్లని అనాల? నీళ్లు పడితే నేను ఎర్రిదాన్ని. పడకపోతే ఆ మనిషి మొగం నేను చూడలేను. రెంటికీ అన్నమైతే వండాల గదా."

బోరు బండి తెల్లవారగానే వచ్చింది. నాయన బిస్మిల్లా అన్నాడు, బండివాళ్లు కొబ్బరికాయ కొట్టారు. ఊళ్లో సగం జనం తోట గట్టు మీద చేరారు. మొదట ఎర్రమట్టి లేచింది, తర్వాత తెల్లటి నాపరాతి పిండి. ఆ పిండి చీనీచెట్ల మీద, మా తలల మీద, అన్నం గంప మీద పడింది. నాయన కనురెప్పలు తెల్లబడ్డాయి. ఎండ ముదిరింది. గొట్టం మీద గొట్టం దిగుతూనే ఉంది. ఎవరి మాట ఎవరికీ వినబడని మోత.

ఉన్నట్టుండి దుమ్ము ఆగిపోయింది.

బండి మోగుతూనే ఉంది, గొట్టం తిరుగుతూనే ఉంది, పైకి మాత్రం ఏమీ రావడం లేదు. గొట్టం ఒక్క జారు జారి, మనిషెత్తు కిందికి పడింది. బండి మీదున్న మేస్త్రీ బండినీ, గొట్టంలోకి పంపే గాలినీ కట్టేశాడు. తోటంతా నిశ్శబ్దం.

"డొల్ల తగిలింది!" అని నాయన కేక పెట్టాడు. "జులేఖా! చెప్పలేదా నేను! డొల్ల తగిలింది!" చిన్నపిల్లవాడిలా అమ్మ రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. నలుగురిలో అమ్మ చెయ్యి పట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. అమ్మ కూడా ఒక్క నిమిషం నవ్వింది. ఆ పిండి మొహాలతో ఇద్దరూ గుర్తుపట్టలేనట్టున్నారు.

"ఇంత గాలి పంపుతాంటే ఒగ చుక్క రాలేదు. లోపల యాడికి పోతాందో ఏమో. ఇట్లాంటిది మంచిది కాదు. ఇంగ ఇడ్సిపెట్టప్పా" అన్నాడు మేస్త్రీ.

నాయన ఒప్పుకోలేదు. ఇంకా దించమన్నాడు. దించారు. మళ్లీ పిండి రాలేదు, నీళ్లూ రాలేదు. గొట్టాలన్నీ అయిపోయాక వాళ్లు సర్దుకుని, అమ్మ వండిన అన్నం తిని, నాయన మొహం చూడకుండా బండెక్కారు. గట్టు మీది జనం ఒక్కొక్కరే పలచబడ్డారు.

పొద్దు వాలింది. నాయన బోరు దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పైపు మీదికి వంగి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు. అలాగే ఉండిపోయాడు. నేను కొంచెం దూరంలో నిలబడ్డాను. పక్కనున్న చీనీ కొమ్మ మీది పిండి మెల్లగా రాలి, పైపు వైపు కాకుండా అవతలికి పోతోంది. చెట్లు కదలడం లేదు.

అమ్మ పోయి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. "లెయ్యప్పా. తిని పడుకుందువులే."

నాయన లేచాడు. మోకాళ్లు దులుపుకున్నాడు. అమ్మను చూసి, "పోదాం పా" అన్నాడు.

అమ్మ నా వైపు తిరిగింది. తాళింపు ఆపి నా నోటి నుంచి విన్న శేషన్న మాట అది. నాయన ముందు నడిచాడు, మేం వెనక నడిచాం.

డాక్టర్లకు చూపించాం. కడపలో చూపించాం, కర్నూలులో సారు తనకు తెలిసిన పెద్ద డాక్టరుకు చూపించారు. మాత్రలిచ్చారు. నాయన మాత్రలు మింగుతాడు, అన్నం తింటాడు, గొడ్డలి చేతికిస్తే ఎండిన చీనీచెట్టు నరుకుతాడు. చెట్లన్నీ ఆయనే నరికాడు. వంటచెరుకు కింద బండికెత్తుతుంటే ఒక్క చెట్టు కోసమైనా ఏడుస్తాడని నేను పక్కనే నిలబడ్డాను. నాయన ఏడవలేదు. నేను ఏడ్చాను.

తొలకరి పడ్డాక సారు మా ఇంటికి వచ్చారు. నాయన ఎదురుగా స్టూలు మీద చాలాసేపు కూర్చున్నారు. ఎప్పుడూ ఎవరు కనబడినా ఎందుకు అని అడిగే మనిషి, ఆ రోజు ఏమీ అడగలేదు. పోయేటప్పుడు వాకిట్లో నిలబడి, "మీ ఊళ్లో ఇంకెవరైనా బోరు వేశారా ఆ తర్వాత?" అని మాత్రం అన్నారు.

"లేదు సార్" అన్నాను. అప్పటిదాకా నేను ఆ సంగతే గమనించలేదు.

ఆయన తల ఊపి గొడుగు తెరుచుకుని పోయారు.

కొన్నాళ్లకు పథకం వాళ్లు ఇంకొక అమ్మాయిని పంపారు. శ్రీవిద్య అని, చిన్నది, చురుకైనది. మా ఊరు బాగుపడిన ఊళ్లలో చేరిందట. చుట్టుపక్కల ఊళ్లన్నీ బోర్లు వేస్తుంటే ఇక్కడ మాత్రం ఎందుకు ఆగిపోయాయో రాసుకోవాలట. మా పంచన కూర్చుని, ఎంతో ఓపికగా, ఎంతో ప్రేమగా అమ్మను అడిగింది.

"గోడ మీద గీతలు చూసి అర్థం చేసుకున్నారని మేం అనుకుంటున్నామమ్మా. తప్పైతే చెప్పండి."

నేను గుమ్మం దగ్గర నిలబడి అమ్మను చూస్తున్నాను. లోపల మంచం మీద నాయన, ఉతికిన చొక్కాతో, మా వైపే చూస్తూ ఉన్నాడు.

"మీరు చెప్పింది కరెక్టే పాపా. శానా బాగా చెప్పినారు మీటింగుల్లో" అంది అమ్మ.

శ్రీవిద్య రాసుకుంది. పొద్దు వాలింది. వీధిలో ఎదురింటి వాళ్లు లేచి తోట వైపు కిటికీ మూశారు. తర్వాత పక్కింటి వాళ్లు మూశారు. అమ్మ లోపలికి పోయి, టీ కాచి, గ్లాసులో పోసి, మూత పెట్టుకుని బయల్దేరింది.

"అమ్మ ఎక్కడికి పోతున్నారండీ?" అంది శ్రీవిద్య.

"తోటకు."

"తోట ఉందా మీకు?"

"ఉండేది" అన్నాను.

అమ్మకు ఒంట్లో బాగాలేని రోజుల్లో ఆ టీ నేను తీసుకుపోతాను. పైపు పక్కన కూర్చుని, చున్నీ లేవకుండా ఒళ్లో అదిమిపెట్టుకుని, ఊళ్లో సంగతులన్నీ చెబుతాను. లోపల ఉన్నది గాలి అని, నాపరాతి డొల్ల అని నాకు బాగా తెలుసు. నాయనా అని పిలుస్తాను. ఇంట్లో పిలవడం మానేశాను.